సగం మాత్ర, సగం వెలుతురు: నా మెలటోనిన్ డైరీ

రోజు 0

నాకు నిద్ర పట్టదు అని చెప్పుకోవాలంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే పట్టాక మాత్రం మొద్దునిద్రే. వచ్చిన చిక్కల్లా అది రాత్రి రెండున్నరకి గానీ పట్టదు. పదకొండుకి పక్క మీదికి చేరినా పన్నెండుకి చేరినా, ఎటు దొర్లినా, రెండు దాటాక ఎప్పుడో రెప్ప వాలుతుంది. ఏడుంపావుకి అలారం. ఆదివారం పదకొండు దాకా లేవను, ఆ పుణ్యాన సోమవారం రాత్రి మూడవుతుంది. ఎన్నేళ్ళుగా ఇలా ఉందో లెక్క కూడా పోయింది. మెలటోనిన్ అనే హార్మోను మాత్ర వాడి చూడు, ఒంట్లో ఉండేదేనట, అలవాటు పడదట అని ఒకరన్నారు, తర్వాత ఇంకొకరన్నారు, చివరికి 5 మి.గ్రా. మాత్రలు 60 ఉన్న సీసా తెచ్చుకున్నాను.

ఊరికే మింగేసి పనిచేస్తోందనో చెయ్యట్లేదనో అనుకోవడం నాకు నచ్చదు కాబట్టి ఒక నోట్‌బుక్ కూడా పెట్టాను. మాత్ర వేసుకున్న టైము, లైటు ఆర్పిన టైము, నిద్ర పట్టిన టైము, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పొద్దున్న తల బరువు 1 నుంచి 5 వరకు. వీటిలో నిద్ర పట్టిన టైము దగ్గరే అసలు తకరారు. గడియారం చూసుకుంటూ పడుకుంటే ఆ చూడటమే నిద్రని చెడగొడుతుంది. అందుకని పడకగది గడియారాన్ని తీసి హాల్లో పెట్టేసి, పొద్దున్న లేవగానే అంచనా వేసి రాస్తున్నాను. చేతికి బ్యాండు ఉంది గానీ దాన్ని పూర్తిగా నమ్మను, కదలకుండా పడుకొని సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నా నిద్రపోయావని రాసేస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన వేస్తాను, అరగంట లోపు తేడా ఉంటే నా అంచనాకే ఓటు.

రోజు 1 నుంచి 4

మొదటి రాత్రి పన్నెండుకి మాత్ర వేసుకొని లైటు ఆర్పాను. పన్నెండున్నర లోపే నిద్ర. నిజంగా! పొద్దున్న లేచి ఇంత చిన్న మాత్రలో ఇంత ఉందా అనుకున్నాను, ఇంట్లో ఇద్దరికి చెప్పాను కూడా. రెండో రాత్రి ఒంటి గంట. మూడో రాత్రి ఒంటిగంటా నలభై. నాలుగో రాత్రి రెండున్నర, అంటే ఎక్కడివాళ్ళం అక్కడే. పైగా కలలు. మామూలుగా కలలు గుర్తుండని మనిషిని, అలాంటిది ఒక రాత్రంతా పరీక్ష హాల్లో కూర్చొని పెన్నులో ఇంకు లేక పక్కవాణ్ణి అడుగుతూనే ఉన్నాను, లేచాక కూడా చెయ్యి నొప్పి పెట్టినట్టు అనిపించింది. పొద్దున్న తల బరువు వరసగా 3, 3, 4, 4. నాలుగో రోజు మధ్యాహ్నం దాకా తలనొప్పి.

మొదటి రాత్రి పట్టిన నిద్ర మాత్ర వల్ల కాదేమో అని ఇప్పుడు అనుమానం. ఆ రోజు పొద్దున్నే లేచి తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నాను. పైగా కొత్త మాత్ర అన్న నమ్మకం సగం పని అదే చేసేస్తుంది.

రోజు 5

అక్కకి ఫోన్ చేశాను. అక్క ఫార్మసిస్టు. ఈ పని నాలుగు రోజుల ముందే చెయ్యాల్సింది.

"ఒరేయ్, ముందు ఇంకేం మందులు వాడుతున్నావో చెప్పు" అంది. ఏమీ లేవన్నాను. "నయం. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, ఫ్లువోక్సమిన్ అనే డిప్రెషన్ మందు వాడేవాళ్ళు, మూర్ఛకి మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోకూడదు, గర్భిణులైతే అసలే వద్దు. ఇంతకీ ఎంత వేసుకుంటున్నావు?" ఐదు అన్నాను. "ఎప్పుడు?" పడుకునేటప్పుడు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అది నిద్రమాత్ర కాదురా" అంది.

తర్వాత అరగంట పాటు పాఠం. మెదడు మధ్యలో పీనియల్ గ్రంథి అని ఒకటుంటుంది, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. చీకటి పడ్డాక అది మెలటోనిన్‌ని రక్తంలోకి వదులుతుంది. మనం తిన్న మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి సెరటోనిన్, సెరటోనిన్ నుంచి మెలటోనిన్ తయారవుతాయి. ఇది మనిషిని పట్టుకొని పడుకోబెట్టదు. చీకటి పడిందహో అని ఒళ్ళంతా దండోరా వేస్తుంది, అంతే. దండోరా విన్నాక ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, ఒంటి వేడి కొద్దిగా తగ్గుతుంది, మెలకువగా ఉంచే వ్యవస్థ నెమ్మదిస్తుంది. రాత్రంతా మెలకువగా ఉండి తిరిగే ఎలుకల్లో కూడా మెలటోనిన్ రాత్రే పెరుగుతుందట. ఈ ఒక్క ముక్కతో నాకు విషయం బుర్రకెక్కింది. నిద్ర తెప్పించే మందే అయితే ఎలుక రాత్రిపూట ఎలా తిరుగుతుంది?

పేరు వెనకాల కథ బాగుంది. 1917లోనే పీనియల్ గ్రంథి తిన్న కప్పపిల్లల చర్మం తెల్లబడుతుందని గమనించారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు, చర్మం రంగు మారే జబ్బులకి మందు దొరుకుతుందేమోనని వేలకొద్దీ పశువుల పీనియల్ గ్రంథులు పోగేసి, వాటి నుంచి ఈ పదార్థాన్ని విడదీశాడు. కప్ప చర్మంలో మెలనిన్‌ని ముడుచుకుపోయేలా చేస్తుంది కాబట్టి మెలటోనిన్. మనిషి చర్మం రంగుని అది ఏమీ చెయ్యలేదు. వెతికిందొకటి, దొరికిందొకటి.

రోజు 6 నుంచి 9

డోసు తగ్గించమంది అక్క. రక్తంలో మెలటోనిన్‌ని రాత్రిపూట సహజంగా ఉండే స్థాయికి తేవడానికి 0.3 మి.గ్రా. చాలని ఎం.ఐ.టి.లో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం ఎప్పుడో చూపించిందట. నేను వేసుకుంటున్నది దానికి పదహారు రెట్లకి పైనే. మోటుగా లెక్క వేసుకున్నాను. మామూలు మాత్రయితే ఇది రక్తంలో దాదాపు గంటకోసారి సగానికి పడిపోతుంది. 5 కాస్తా 2.5, 1.25, 0.6, 0.3. అంటే నాలుగు గంటలు గడిచాక కూడా అప్పుడే ఒక చిన్న డోసు వేసుకున్నట్టే ఉంటుంది. మింగిందంతా రక్తంలోకి చేరదు, లివర్ దగ్గరే చాలా భాగం పోతుంది, అది మనిషి మనిషికీ చాలా తేడా, కాబట్టి ఈ అంకెలు నిజం కావు, కానీ పొద్దున్న తల ఎందుకు దిమ్మెక్కుతోందో అర్థమైంది.

సరే, మాత్రని కొయ్యాలి. మొదట బ్లేడుతో ప్రయత్నించాను. పళ్ళెంలో పెట్టి బ్లేడు నొక్కగానే ఒక ముక్క ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది, రెండోది పొడి పొడి అయింది. మాత్రలు కోసే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది, మూత మూస్తే లోపలి బ్లేడు దిగుతుంది, అది తెచ్చాను. సగం బాగానే వచ్చింది, పావు చేసేసరికి ముక్కలు ఒకదానికొకటి పోలిక లేదు. వాటినే మూడు రాత్రులు వేసుకున్నాను.

తొమ్మిదో రోజు వెలుతురులో చూస్తే కోసిన అంచు దగ్గర రెండు పొరలు కనిపించాయి, ఒకటి తెల్లగా, ఒకటి లేత పసుపుగా. సీసా తిప్పి వెనకాల చదివాను. నెమ్మదిగా కరిగే రకం. ఆరేడు గంటల పాటు కొద్దికొద్దిగా విడుదల అయ్యేలా చేసిన మాత్ర. దాన్ని కోస్తే ఆ ఏర్పాటంతా పోతుంది, లోపలిది ఎప్పుడు ఎంత బయటికి వస్తుందో చెప్పలేం. ఇదంతా సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంది. తొమ్మిది రోజులుగా సీసా నా చేతిలోనే ఉంది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న 5 తప్ప నేను ఏదీ చదవలేదు.

తొమ్మిది రాత్రుల లెక్క మీద అడ్డగీత కొట్టేశాను. 1 మి.గ్రా. మామూలు మాత్రలు, మధ్యలో గాడి ఉన్నవి, తెచ్చుకున్నాను. సగం చేస్తే 0.5.

సీసా మీద రాసింది లోపల ఉంటుందా అన్నది వేరే కథ. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ సప్లిమెంట్లు పరీక్షిస్తే, రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నదీ తేలింది, 478 శాతం ఎక్కువ ఉన్నదీ తేలింది. నాలుగో వంతు రకాల్లో సెరటోనిన్ కూడా కనిపించింది. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు (మిఠాయిలా నమిలేవి) పరీక్షిస్తే 22 రకాలకి లేబుల్‌కీ సరుక్కీ పొంతన లేదు, ఒకదాంట్లో అయితే అసలు మెలటోనినే లేదు. అమెరికాలో ఇది 1994 చట్టం కింద మందు కాదు, ఆహార సప్లిమెంటు, అమ్మకానికి ముందు ఎవరి అనుమతీ అక్కర్లేదు. యూరప్‌లో 2 మి.గ్రా. నెమ్మదిగా కరిగే మాత్రని 2007లో 55 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం మందుగానే అనుమతించారు, డాక్టర్ చీటీ కావాలి. ఒకే పదార్థం, ఒక దేశంలో మిఠాయి పక్కన, ఇంకో దేశంలో చీటీ మీద. బయటి ల్యాబ్‌లో పరీక్షించినట్టు ముద్ర ఉన్నదే కొనమంది అక్క. నేను చెయ్యగలిగింది అదొక్కటే.

రోజు 10 నుంచి 14

0.5 మి.గ్రా., రాత్రి పదకొండుకి. ఫలితం సున్నా. నిద్ర పట్టిన టైములు: 2:20, 2:30, 2:10, 2:45, 2:30. ఒకే ఒక లాభం, తల బరువు 1కి దిగింది. ఏమీ చెయ్యని మాత్ర తలనొప్పి కూడా తేదు కదా.

ఈ ఐదు రోజులూ మా ఆవిడ చూస్తూనే ఉంది. "మీకు నిద్ర కంటే నిద్ర గురించి రాసుకోవడం ఎక్కువైపోయింది" అంది. ఆ మాట అనేసరికి రాత్రి పన్నెండున్నర, నేను హాల్లో ట్యూబ్‌లైటు కింద, ల్యాప్‌టాప్ ముందు, ఆ ఐదు రాత్రుల అంకెలతో గ్రాఫ్ గీస్తున్నాను. అప్పుడు వెలిగింది. ఒక చేత్తో చీకటి పడిందని మాత్ర మింగి, రెండో చేత్తో ముఖం మీద దీపం పెట్టుకొని కూర్చుంటున్నాను.

రోజు 15

వెలుతురు సంగతి చూద్దామని ఫోన్‌లో లక్స్, అంటే ఒకచోట పడే వెలుతురు ఎంతో, కొలిచే యాప్ వేశాను. యాప్ కొలత ఖచ్చితం కాదు, కానీ పది రెట్ల తేడాని చూపించడానికి చాలు. రాత్రి వంటగట్టు దగ్గర 310. హాల్లో నేను కూర్చునే కుర్చీ దగ్గర, కంటి ఎత్తులో, 190. పడకగదిలో గోడ వైపు తిప్పిన టేబుల్ ల్యాంపు, 9. బాత్‌రూమ్ అద్దం ముందు 420! పళ్ళు తోముకోవడానికి ఆఖర్న వెళ్ళేది అక్కడికే. మర్నాడు పొద్దున్న మబ్బు పట్టి ఉన్నప్పుడు బయటికెళ్ళి చూస్తే 8,000 దాటింది. మబ్బులో! ఇంట్లో కూర్చొని పగలు అనుకుంటున్నదంతా ఒంటి లెక్కలో సాయంత్రమే.

కంట్లో చూపుకి సంబంధించిన కణాలు కాక, వెలుతురు ఎంత ఉందో కొలవడానికి వేరే కణాలున్నాయి. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది, 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురు దానికి బాగా తగులుతుంది. ఈ మెలనాప్సిన్‌ని 1998లో మొదట కనిపెట్టింది ఎక్కడో తెలుసా, కప్ప చర్మంలో. మళ్ళీ కప్పే. ఆ కణాల కబురు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో ఇరవై వేల దాకా న్యూరాన్లున్న చిన్న గుంపుకి వెళ్తుంది. మన ఒంటి గడియారం అదే. పీనియల్‌కి వదులు, ఆపు అని ఆజ్ఞలు వేసేది కూడా అదే. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ, తోటివాళ్ళు 2,500 లక్స్ వెలుతురుతో మనుషుల్లో మెలటోనిన్ అణిగిపోతుందని చూపించారు. అంత వెలుతురు కావాలేమోనని అప్పట్లో అనుకున్నారు గానీ, గదిలో ఉండే మామూలు దీపాలు కూడా మెలటోనిన్ మొదలవడాన్ని వెనక్కి నెడతాయని తర్వాత తేలింది. నా కుర్చీ దగ్గర 190 అంటే తక్కువేం కాదన్నమాట.

ఆ రోజే ఏర్పాట్లు మార్చాను. తొమ్మిది తర్వాత పై లైట్లు బంద్. హాల్లో ఒక్క ల్యాంపు, అదీ నేల మీద, గోడ వైపు తిప్పి. బాత్‌రూమ్‌లో అద్దం లైటు వెయ్యకుండా తలుపు తెరిచి వసారా దీపం వెలుతురులో పళ్ళు తోముకోవడం. ల్యాప్‌టాప్ పదికి మూత. ఫోన్ వదల్లేకపోయాను, వెలుతురు అడుగుకి దించి చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకొని చూస్తున్నాను, దాని దగ్గర కంటి ఎత్తులో 4 లక్స్ వచ్చింది కాబట్టి దాన్ని క్షమించేశాను. ఫోన్‌ని తిట్టేవాళ్ళంతా నెత్తిమీది ట్యూబ్‌లైటుని వదిలేస్తారెందుకో.

రోజు 16 నుంచి 18

ఇక టైము. నిజానికి ఈ ప్రాజెక్టు మొత్తంలో తిరకాసు ఇక్కడే ఉంది, డోసు దగ్గర కాదు.

ఒంట్లో మెలటోనిన్ సొంతంగా మొదలయ్యేది మామూలుగా నిద్రపట్టే టైముకి రెండు గంటల ముందు. నాకు నిద్ర పట్టేది రెండున్నరకి, అంటే నా పీనియల్ పన్నెండున్నరకి పని మొదలుపెడుతోంది. సెలవు రోజుల్లో నేను మూడుకి పడుకొని పదకొండుకి లేస్తే ఎనిమిది గంటలూ గుర్రుపెట్టి నిద్రపోతాను, ఒక్కసారి కూడా లేవను. అంటే నాకు నిద్ర లేకపోవడం కాదు, గడియారం ఆలస్యంగా నడుస్తోంది. ఈ విషయం నాకు రోజు 0 నుంచే తెలుసు, పైన నేనే రాసుకున్నాను కూడా, కానీ దాని అర్థం ఇప్పటిదాకా తట్టలేదు. మనిషి లోపలి గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలని 1999లో హార్వర్డ్‌లో చార్ల్స్ సైస్లర్ బృందం కొలిచింది. వదిలేస్తే రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతూ వెనక్కి జరిగే రకమే చాలామందిది. పొద్దుటి వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది. నేను పొద్దుటి వెలుతురు చూడను, రాత్రి వెలుతురు కిందే కూర్చుంటాను. గడియారం వెనక్కి పోక ఏం చేస్తుంది?

మెలటోనిన్ ఆ గడియారాన్ని రెండు వైపులా జరపగలదు. సాయంత్రం వేసుకుంటే ముందుకి, తెల్లవారాక వేసుకుంటే ఇంకా వెనక్కి. 0.5 మి.గ్రా. లాంటి చిన్న డోసుతో గడియారం ఎక్కువగా ముందుకి జరిగేది, సొంత మెలటోనిన్ మొదలవడానికి రెండు నుంచి నాలుగు గంటల ముందు వేసుకున్నప్పుడు. నాకైతే ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య. మొదటి వారం పన్నెండుకి వేసుకున్నానంటే, ఒళ్ళు తనంతట తనే దండోరా మొదలుపెట్టబోతున్నప్పుడు పక్కన నిలబడి నేను కూడా అరిచానన్నమాట.

కొత్త పద్ధతి: రాత్రి తొమ్మిదికి సగం మాత్ర. అన్నం తిన్న వెంటనే కాదు, కడుపు నిండా ఉంటే ఆలస్యంగా ఎక్కుతుంది. తొమ్మిది నుంచి మసక వెలుతురు. పొద్దున్న ఏడుంపావుకి లేచి, మొహం కడుక్కోగానే అరగంట బయట. కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత లేదు, దాని సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. పడుకునే టైముని మాత్రం బలవంతంగా ముందుకి లాగను, నిద్ర రాకుండా పక్క మీదికి పోను.

మాత్ర వేసుకున్నాక బండి నడపకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. పదిహేడో రాత్రి తొమ్మిదిన్నరకి స్టేషన్‌కి వెళ్ళి ఒకర్ని తీసుకురావాల్సి వచ్చింది, ఆటో పిలిచాను. మగత ఏమీ లేదు నిజానికి. అయినా సరే.

రోజు 19 నుంచి 28

పదహారో రాత్రి నుంచి అంకెలు: 2:15, 2:00, 1:50, 1:50, 1:30, 1:25, తర్వాత శని ఆదివారాలు.

శనివారం రాత్రి ఒకరింట్లో కూర్చొని కబుర్లలో రెండయింది, ఆదివారం పదిన్నరకి లేచాను, లేచి ఏం బాధపడలేదు, హాయిగా ఉంది. సోమవారం రాత్రి 2:05. వారం రోజులు కూడబెట్టింది ఒక్క ఆదివారం పొద్దున్నలో పోయింది. నిద్ర ఎక్కువైనందుకు కాదు, ఏడు నుంచి పదిన్నర దాకా కర్టెన్ల వెనకాల చీకట్లో పడి ఉన్నందుకు. దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరుంది, పేరు బాగుంది, ఏ విమానం ఎక్కకుండానే ప్రతి వారం రెండు మూడు గంటలు అటూ ఇటూ ప్రయాణం. అప్పటి నుంచి శని ఆదివారాలు కూడా ఎనిమిదికి మించి పడుకోవట్లేదు, నిద్ర చాలకపోతే మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు.

మళ్ళీ మంగళవారం నుంచి 1:40, 1:20, 1:00. ఇరవై ఎనిమిదో రోజు 12:50. పదకొండున్నరకే ఆవలింతలు వచ్చాయి. నాకు! ఆ టైముకి ఆవలించి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. సరదాగా ఉండి కావాలని ఇంకోటి ఆవలించాను.

రోజు 29 నుంచి 43

ఇప్పుడు పీకుతున్న ప్రశ్న: పనిచేసింది మాత్రా, వెలుతురా? అన్నీ ఒకేసారి మార్చేశాను, ప్రయోగం చేసేవాడు చెయ్యకూడని పని అదే.

మా ఆవిడని బతిమాలి పరీక్ష ఒకటి పెట్టించుకున్నాను. ఖాళీ క్యాప్సూళ్ళు కొన్నాం, తెల్లవి, లోపల ఏముందో కనిపించనివి. ఏడింటిలో సగం మాత్ర, ఏడింటిలో కొంచెం చక్కెర పొడి. తను ఏ రోజు ఏది ఇస్తుందో నాణెం ఎగరేసి తన దగ్గర రాసుకోవాలి, నాకు చెప్పకూడదు. రెండో రోజే దొరికిపోయింది. క్యాప్సూల్‌ని చెవి దగ్గర పెట్టి ఊపితే మాత్ర ముక్క ఉన్నది టకటక మంటోంది, పొడి ఉన్నది ఉలకదు పలకదు. ఊపమని ఎవరు చెప్పారంటారా, చెయ్యి ఊరుకోలేదు. అన్నీ విప్పి, మాత్ర ముక్కల్ని చెంచా వెనకతో నూరి, వాటిలోనూ చక్కెర పొడి కలిపి నింపి మళ్ళీ మొదలుపెట్టాం. నూరడం మామూలు మాత్ర కాబట్టి సరిపోయింది, మొదటి సీసాలోవి అయితే నూరకూడదు.

14 రాత్రుల తర్వాత తన కాగితం, నా నోట్‌బుక్ పక్కపక్కన పెట్టుకున్నాం. లైటు ఆర్పాక నిద్ర పట్టడానికి, మాత్ర ఉన్న రాత్రుల్లో సగటున 22 నిమిషాలు, చక్కెర రాత్రుల్లో 27. ఐదు నిమిషాలు! ఇంత తతంగం చేసి ఐదు నిమిషాలా అని ముందు నీరసం వచ్చింది. తర్వాత చదివితే, చాలా పరిశోధనల్ని కలిపి 2013లో చేసిన విశ్లేషణలో కూడా మెలటోనిన్ వల్ల నిద్ర ఏడు నిమిషాలు మాత్రమే ముందుగా పట్టిందని ఉంది, మొత్తం నిద్ర ఎనిమిది నిమిషాలు పెరిగింది. నా అంకె దానికి దగ్గరగా ఉందని సంబరపడటం లేదు, ఏడు రాత్రులకి ఏడు రాత్రులు పెట్టి చూస్తే నాణెం కూడా అలా పడొచ్చు.

కానీ ఈ పరీక్షలో నేను చేసిన పొరపాటు ఇంకోటుంది. అక్కకి అంకెలు చదివి వినిపిస్తే అది పట్టుకుంది. "నువ్వు కొలిచింది ఆ రాత్రి మాత్ర ఆ రాత్రి ఏం చేసిందని. గడియారాన్ని జరిపే పని ఒక రాత్రిలో అయ్యేది కాదు కదరా. అప్పటికే ముందుకి జరిగిపోయింది, చక్కెర తిన్న రాత్రి కూడా ఆ లాభమే వాడుకున్నావు." నిజమే. పైగా ఆ రెండు వారాలూ మసక వెలుతురు, పొద్దుటి నడక మానలేదు. గడియారం సంగతి తేలాలంటే మూడు వారాలు మాత్రతో, మూడు వారాలు మాత్ర లేకుండా, మధ్యలో మళ్ళీ చెడగొట్టుకొని మొదలుపెట్టాలి. బాగుపడినదాన్ని కావాలని చెడగొట్టుకునేంత శాస్త్రజ్ఞుణ్ణి కాను.

అక్క ఇంకో మాట కూడా చెప్పింది, నాలాంటివాళ్ళు కానివాళ్ళ కోసం రాసిపెడుతున్నాను. పడుకున్న టైముతో సంబంధం లేకుండా నెలల తరబడి నిద్ర పట్టనివాళ్ళకి, రాత్రి మూడుకి లేచి మళ్ళీ పట్టనివాళ్ళకి ఇది అంత పనికొచ్చే సరుకు కాదు. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్ వద్దనే చెప్పింది. అలాంటివాళ్ళకి మొదట చెయ్యాల్సింది నిద్రలేమి కోసమే ఉన్న ప్రవర్తన చికిత్స, సీబీటీ-ఐ అంటారు, అది మాత్రల్లా సీసాలో దొరకదు. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్ళది వేరే సమస్య, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. మెలటోనిన్ బాగా పనికొచ్చేది గడియారం జారిపోయినవాళ్ళకి. చూపే కాదు, వెలుతురు కూడా తెలియనివాళ్ళకి రోజూ కాసేపు వెనక్కి జరిగిపోయే గడియారాన్ని ఇది 24 గంటలకి కట్టగలదని 2000లోనే తేలింది. ఐదారు టైమ్‌జోన్లు దాటి తూర్పుకి వెళ్ళేవాళ్ళకి కూడా ఉపయోగమే, 0.5 అయినా 5 అయినా జెట్‌లాగ్‌కి దాదాపు ఒకేలా పనిచేస్తాయి, 5తో మగత ఎక్కువ.

రోజు 44 నుంచి 51

మాత్ర మానేసి మిగతావన్నీ ఉంచి చూస్తున్నాను. 12:40, 12:35, 12:50, 12:40, 1:05, 12:45, 12:30, 12:40. ఒంటి గంటా ఐదు వచ్చిన రాత్రి పై లైట్లన్నీ వేసి అల్మరా సర్దాం. దానికి మాత్రని నిందించలేను, లేని మాత్రని అసలే నిందించలేను.

పదకొండుకి తెద్దామన్న ఆశ మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు. పన్నెండున్నర, ఏడుంపావు అంటే ఆరుగంటల ముప్పావు, ఇంకో అరగంట కావాలి నాకు. రేపటి నుంచి మళ్ళీ సగం మాత్ర మొదలుపెట్టి, ఈసారి తొమ్మిది కాకుండా ఎనిమిదింటికి వేసుకొని రెండు వారాలు చూస్తాను. గడియారం ముందుకి జరిగింది కాబట్టి మాత్ర టైము కూడా దాంతోపాటే జరగాలి, లేకపోతే మొదటి వారం కథే.

మొదటి సీసాలో ఇంకా 50కి పైగా 5 మి.గ్రా. మాత్రలు మిగిలి ఉన్నాయి. నిన్న బావ ఫోన్ చేసి, ఎలాగూ వాడట్లేదు కదా నాకు పంపించు, ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టట్లేదు అన్నారు. మీరేం మందులు వాడుతున్నారు బావా అంటే బీపీకి నిఫెడిపిన్ అన్నారు. నిఫెడిపిన్ వాడేవాళ్ళలో మెలటోనిన్ బీపీని పెంచినట్టు ఒక పరిశోధనలో వచ్చిందని అక్క మొదటి రోజు చెప్పినవాటిలో ఒకటి, నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఉంది. పంపను బావా, అక్కని అడగండి అన్నాను. "ఇంట్లో ఆవిడకి తెలియకూడదనే కదా నిన్నడుగుతున్నాను" అన్నారు.